ఫోటోలో ఎరుపు, పార్సిల్‌లో పచ్చ: రెండు పిచర్ ప్లాంట్లతో 15 నెలలు

నాకు కూకట్‌పల్లిలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొచ్చి జాకెట్ ముక్క, ఫాల్, లైనింగ్ అడిగేవాళ్లకి రంగు కలిపి ఇవ్వడమే 19 ఏళ్లుగా నా పని. షాపులో కొత్తగా ఏ అమ్మాయి చేరినా మొదటి రోజు ఒకటే చెప్తాను: ట్యూబ్‌లైటు కింద ఓకే అనొద్దమ్మా, ముక్కని గుమ్మం బయటకి తీసుకెళ్లి వెలుతురులో చూపించు. ఊరందరికీ ఇది చెప్పే నేను, రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని ఫోన్‌లో ఫోటో చూసి 1,850 రూపాయలు పెట్టి రెండు మొక్కలు కొన్నాను. అదీ ఆకుల రంగు చూసి.

మొక్కలు నెపెంథిస్. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో కీటకాహార మొక్కల పాఠంలో బొమ్మ ఉండేది చూడండి, ఆకు చివర మూత ఉన్న చెంబు వేలాడుతూ, అదే. అందరూ పిచర్ ప్లాంట్ అంటారు. మా అత్తయ్యగారు మాత్రం మొదటి రోజే 'చెంబుల చెట్టు' అని పేరు పెట్టేశారు, ఇప్పుడు మా ఇంట్లో అదే పేరు. నేను తీసుకున్నవి దాన్లో రెండు రకాలు: ఒకటి వెంట్రాటా (650 రూపాయలు), ఇంకోటి మిరాండా (1,200). అమ్మింది కేరళ నుంచి పార్సిల్ పంపే ఒక ఆన్‌లైన్ నర్సరీ. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి పేరు రాయను.

ముందు మంచి మాట. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం. జులై నెల వానల్లో నాలుగో రోజుకి వచ్చింది. వేళ్లకి తడి నాచు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ రేకు చుట్టి, ఆకులన్నీ పైకి మడిచి న్యూస్‌పేపర్ గొట్టంలో పెట్టారు. ఒక్క ఆకు విరగలేదు. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించినా సగం పొడి అయి వస్తాయి, ఇవి మాత్రం చెక్కు చెదరలేదు. చెంబుల్లో ఉన్న నీళ్లు దారిలో ఒలికిపోయి రెండు చెంబులు సగానికి ఎండిపోయాయి. దానికి నర్సరీని ఏమీ అనలేం. ప్రయాణం చేసిన ఏ నెపెంథిస్‌కైనా పాత చెంబులు పోతాయి, కొత్తవి రావాల్సిందే.

గొడవంతా రంగు దగ్గర. ఫోటోలో వెంట్రాటా ఆకులు రాగి రంగులో, అంచున మెరూన్ గీత దిద్దినట్టు ఉన్నాయి. చేతికొచ్చింది బాటిల్ గ్రీన్. ముదురు, మెత్తటి, వెడల్పాటి ఆకులు. వేరే మొక్క పంపారేమో అనుకున్నాను. మెసేజ్ పెడితే వెంటనే జవాబు వచ్చింది, "మేడమ్, డైరెక్ట్ ఎండలో పెట్టండి, పది రోజుల్లో రెడ్ అయిపోతుంది" అని.

పెట్టాను. మాది నాలుగో అంతస్తు, పడమటి బాల్కనీ. వారం రోజులు మబ్బే. ఎనిమిదో రోజు మబ్బు విడిచి రెండు నుంచి ఐదింటిదాకా ఎండ కాసింది. ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చి చూస్తే పై మూడాకుల మీద గంధం రంగు మచ్చలు. ఇస్త్రీ పెట్టె మర్చిపోయి సిల్కు మీద పెడితే ఎలా ఉంటుందో అచ్చం అలా. వేలితో తాకితే కాగితంలా చప్పుడు. ఎరుపు రాలేదు, మాడు వచ్చింది.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. వెలుతురు ఎక్కువైనప్పుడు ఆకు తనని తాను కాచుకోవడానికి దాన్ని తయారు చేసుకుంటుంది. అంటే అది మొక్క వేసుకునే గొడుగు. నర్సరీల్లో నీడకి కట్టే షేడ్‌నెట్ వల కింద పెరిగిన మొక్కకి ఆ గొడుగు ఉండదు. పైగా నీడలో పుట్టిన పాత ఆకు ఎండకి పెద్దగా మారదు, అది నీడ ఆకుగానే ఉండిపోతుంది. కొత్త వెలుతురులో పుట్టే ఆకులే ఆ వెలుతురుకి తగ్గట్టు వస్తాయి. కాబట్టి 'పది రోజుల్లో రెడ్' అన్నది అబద్ధం. నాకు మూడు నెలలు, ఐదు ఆకులు పట్టింది. ఉదయం గంట ఎండతో మొదలుపెట్టి, వారానికి ఇంకో అరగంట చొప్పున పెంచుకుంటూ తూర్పు వైపు వంటింటి గ్రిల్లుకి మార్చాక, ఆరో ఆకు పుట్టుకతోనే అంచుల్లో రాగి రంగుతో వచ్చింది.

మరి నర్సరీ ఫోటోలో ఎరుపు ఎక్కడిది? దాని సమాధానం నాకు నవంబర్‌లో నా డబ్బులతోనే దొరికింది. చలికాలం వెలుతురు సరిపోదని 900 పెట్టి గ్రో లైట్ కొన్నాను. నీలం, ఎరుపు బల్బులు కలిపిన గులాబీ లైటు. దాని కింద పెట్టగానే రెండు మొక్కలూ వంకాయ రంగులోకి వెళ్లిపోయాయి. ఫోన్‌తో ఫోటో తీసి, కాస్త రంగు సరిచేస్తే, అచ్చం ఆ నర్సరీ ఫోటోయే! మొక్కని బయటకి తెచ్చి చూస్తే పచ్చగానే ఉంది. మా షాపులో పసుపు బల్బు కింద క్రీమ్ కలర్‌ని గోల్డ్ అని అమ్మేసే వాళ్లని నేను ఎన్నిసార్లు తిట్టానో.

ఆ లైటుకి నేనిచ్చేది రెండు స్టార్లే. మొక్క పెరగదని కాదు, పెరుగుతుంది. కానీ దాని కింద ఆకు పసుపు తిరుగుతోందో, మాడుతోందో మనకి కనబడదు. నాకు ఓ ఆకు వెనకాల పిండిపురుగు పట్టింది కూడా తెలీలేదు. జనవరిలో దాన్ని తీసేసి 350 పెట్టి మామూలు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు, 6500 కెల్విన్‌ది (అంటే పగటి వెలుతురు లాంటి తెలుపు), అడుగు ఎత్తులో కట్టించాను. రోజుకి 12 గంటలు, టైమర్ మీద. దానికి ఐదు స్టార్లు. చవక, కళ్లకి హాయి, ఆకు రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు ఈ ఆకులు చీరల్లాగే అర్థమవుతున్నాయి. బాటిల్ గ్రీన్‌లో, పొడుగ్గా వాలిపోయి, చివర తీగ వచ్చినా చెంబు రాకపోతే వెలుతురు చాల్లేదు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి చాలామంది దీన్నే ఆరోగ్యం అనుకుంటారు. చిలకపచ్చలోకి వచ్చి ఆకు కాస్త గట్టిబడి నిలబడితే అదే సరైన జాగా. అంచుల్లో, నడిమి ఈనె మీద రాగి రంగు పడితే అది తట్టుకోగల వెలుతురుకి పైకొస దగ్గర ఉందన్నమాట, ఇంక ముందుకి జరపొద్దు. గంధం మచ్చలు దాటిపోయినదానికి గుర్తు. అన్నిటికంటే కింది ఆకు ఒక్కటే పండిపోతే కంగారు పడక్కర్లేదు, దాని వయసైపోయింది. కానీ కొత్త ఆకు లేత పసుపులో వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నీళ్లని అనుమానించాలి. ఎందుకో కింద చెప్తాను.

ఎరుపులో కూడా రెండు రకాలు ఉన్నాయండీ, ఇది కనిపెట్టడానికే నాకు ఒక చలికాలం పట్టింది. డిసెంబర్ చివర్లో రాత్రి 12, 13 డిగ్రీలకి పడిపోయిన వారంలో బాల్కనీ తలుపు పక్కనున్న మిరాండా ఎర్రబడింది. నేను సంబరపడి మా ఆయన్ని పిలిచి చూపించాను కూడా. రెండు వారాలైనా కొత్త ఆకు కదల్లేదు. అది వెలుతురుకి వచ్చిన ఎరుపు కాదు, చలికి వచ్చింది. వెలుతురు ఎరుపు కొత్త ఆకుల మీద, పై వైపున, మెరుపుతో ఉంటుంది, మొక్క పెరుగుతూ ఉంటుంది. చలికి వచ్చింది ఆకంతా మసకగా, కనకాంబరం వాడిపోయినట్టు ఉంటుంది, పెరుగుదల ఆగిపోతుంది. హాల్లోకి తెచ్చాక నెలకి గానీ కోలుకోలేదు. వెంట్రాటా మాత్రం ఆ చలినీ లెక్కచెయ్యలేదు. అది ఫిలిప్పీన్స్ జాతులు రెండు, వెంట్రికోసా, అలాటా కలిసి పుట్టిన సంకరం, మొండిది. మొదటిసారి కొనేవాళ్లు కళ్లుమూసుకుని అదే కొనుక్కోండి.

ఇక నర్సరీ వాళ్లు పెట్టెలో పెట్టిన సూచనల కార్డు. దానికి ఒక స్టార్ కూడా ఎక్కువే. అందులో ఉన్నది: మట్టిలో 30 శాతం వర్మీ కంపోస్టు కలపండి, రెండు పూటలా నీళ్లు పోయండి, చెంబుల్ని అంచుదాకా నీళ్లతో నింపండి. మూడూ తప్పే. ఈ మొక్క పుట్టిందే సారం లేని నేలల్లో. నేలలో దొరకని నత్రజనిని పురుగుల నుంచి తీసుకోవడానికే కదా చెంబు పుట్టించుకుంది. దాని వేళ్లు నల్లగా, సన్నగా, తలవెంట్రుకల్లా ఉంటాయి, ఎరువు ఘాటుకి తట్టుకోలేవు. నాకు మొదటి నెలలోనే మిరాండా ఆకు కొనలు కాఫీ రంగులోకి తిరిగాయి. కార్డు అవతల పారేసి, స్ఫాగ్నం నాచు, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి గుళ్లు) సగం సగం కలిపి, కాసిన్ని బొగ్గు ముక్కలు వేసి మళ్లీ నాటాక ఆగింది. నాచు కిలో రేటు వింటే గుండె ఆగుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అయితే చవక, కానీ దాన్లో ఉప్పు ఉంటుంది, ఐదారుసార్లు మంచి నీళ్లలో నానబెట్టి పిండాలి. చెంబు సంగతి అంటారా, నీళ్లు ఒలికిపోతే మూడో వంతు పోస్తే చాలు. నిండా పోస్తే లోపల అరిగించే రసం పలచబడుతుంది.

నీళ్ల గురించి. 15 నెలల్లో నేను కొన్న వస్తువులన్నిటిలోకీ డబ్బు గిట్టింది 280 రూపాయల టీడీఎస్ మీటరే. పెన్నులా ఉంటుంది, ముంచితే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్తుంది. మా అపార్ట్‌మెంట్ బోరు 840 చూపించింది. నల్లా నీళ్లు 260. వంటింట్లో ఆర్వో నీళ్లు కదా, సున్నా ఉంటుందనుకున్నా, 110! తాగడానికి రుచిగా ఉండాలని ఆ మెషీన్ కాస్త లవణాలు మళ్లీ కలుపుతుందట. ఏసీ పైపు నుంచి వచ్చేది 22. వాన నీళ్లు 14. ఈ మొక్కకి 50 లోపు ఉంటే భేష్, 100 దాకా సర్దుకుంటుంది. బోరు నీళ్లు పోస్తే నాచు మీద తెల్లటి పొర పేరుకుని, నాచు పులుపు పోయి, వేళ్లు ఇనుము తీసుకోలేక ఇందాక చెప్పిన పసుపు ఆకు, పచ్చ ఈనెలు వస్తాయి. వానాకాలంలో మేడ మీద రెండు డ్రమ్ములు నింపుకుంటాను. వాచ్‌మన్ మొదట్లో వింతగా చూసేవాడు, ఇప్పుడు మబ్బు పట్టగానే వాడే మూత తీస్తాడు.

మధ్యలో ఒక ఉపద్రవం. షాపు పని మీద నేను పది రోజులు సూరత్ వెళ్లాల్సి వచ్చింది. మొక్కల్ని అత్తయ్యగారికి అప్పజెప్పాను, సీసాలో నీళ్లు కూడా నింపి పెట్టాను. తిరిగొచ్చేసరికి కుండీలో పుల్లటి వాసన, నాచు జిగట, చుట్టూ సన్న దోమలు.

"ఏం పోశారత్తయ్యా?"

"వట్టి నీళ్లేం బలమే అమ్మాయ్, బియ్యం కడుగు పోశాను. కరివేపాకు చెట్టు చూడు ఎలా లేచిందో."

ఏమంటాను? కరివేపాకు నిజంగానే లేచింది. నాచంతా తీసేసి మళ్లీ నాటుకున్నాను. అయితే ఆ సన్న దోమల్లో సగం చెంబుల్లోనే పడి చచ్చాయి. టార్చి వేసి చూపిస్తే అత్తయ్యగారు, "చూశావా, నేను పోసిన కడుగుకి వచ్చిన దోమలే దానికి భోజనం" అన్నారు. ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. తిండి సంగతి అంతకంటే చెప్పడానికేం లేదు. చీమలు వాటంతట అవే పడతాయి, ఎప్పుడైనా చేపల మేతలో వాడే ఎండు పురుగులు రెండు వేస్తాను. మాంసం ముక్కలు, చీజ్ వేసే వీడియోలు నమ్మొద్దు, చెంబు కుళ్లిపోతుంది.

అసలు పరీక్ష ఎండాకాలం. ఇవి ఎక్కువగా బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ వైపు అడవుల్లో పుట్టిన మొక్కలు, గాల్లో తేమ లేకపోతే చెంబు కట్టవు. వాన రోజుల్లో హైదరాబాద్ గాలిలో తేమ 75, 80 శాతం ఉంటుంది కాబట్టి మనకి తేడా తెలీదు. ఏప్రిల్ మధ్యాహ్నం నా తేమ మీటర్ 22 చూపించింది. తీగ కొసన పెసరగింజంత మొగ్గ రావడం, నాలుగు రోజుల్లో నల్లగా మాడిపోవడం. వరసగా ఏడు మాడిపోయాయి. ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. స్ప్రే కొట్టాను, పది నిమిషాలకి ఆరిపోయేది. ఏసీ గదిలో పెట్టాను, ఇంకా ఎండిపోయింది, ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది కదా.

చివరికి పనికొచ్చింది మా పాత కూలర్. హాల్లో కూలర్‌కి పక్కగా ఆరడుగుల దూరంలో స్టూలు వేసి రెండు మొక్కల్నీ పెట్టాను. బయట 41 ఉన్న రోజు అక్కడ 30, తేమ 62. కూలర్లో పోసేది బోరు నీళ్లే కదా అని మొదట భయపడ్డాను. కానీ గాల్లోకి వచ్చేది ఆవిరి మాత్రమే, ఉప్పంతా గడ్డి మీదే తెల్లగా పేరుకుపోతుంది. తుంపర మీద పడనంత దూరంలో ఉంటే చాలు. తెల్ల ట్యూబుని కూడా అక్కడికే మార్చాం. సీరియల్ చూసేటప్పుడు లైటు కళ్లలో కొడుతోందని మా ఆయన రెండు నెలలు గొణిగారు.

మే 20 తర్వాత వెంట్రాటా కొత్త మొగ్గ మాడలేదు. రోజూ చూసేదాన్ని. మొదట తుప్పు రంగు నూగుతో చప్పిడిగా, నొక్కేసిన చింతగింజలా ఉంది. తర్వాత కిందికి వంగి, మళ్లీ పైకి తిరిగి, బెలూన్‌లో గాలి ఊదినట్టు లావెక్కింది. మూత అంటుకునే ఉంది, అయినా దీపం అడ్డం పెడితే లోపల సగం దాకా రసం ఉన్నట్టు నీడ కనిపించేది. జూన్ 16, పొద్దున్న ఆరు దాటాక పాలు పెట్టి వచ్చి చూస్తే మూత ఒక పక్క నుంచి ఊడి దారం అంత సందు ఇచ్చింది. తొమ్మిదింటికి షాపుకి వెళ్లేసరికి పూర్తిగా తెరుచుకుంది. చెంబు నోటి చుట్టూ ఉండే పెదవి అప్పుడు లేత పచ్చగా, తడిగా, మెత్తగా ఉంది. మర్నాటికి బయటికి చుట్టుకుంది. మూడో రోజుకి గట్టిపడి, సన్నటి గీతలు గీతలుగా మెరూన్ దిగింది, కంచిపట్టు అంచు మీద జరీ దగ్గరగా నేసినట్టు. మా షాపులో 200 ఎరుపులు ఉన్నాయి. ఆ ఎరుపు లేదు.

నర్సరీ మీద ఇంకో ఫిర్యాదు. వాళ్ల లిస్టులో కొండ జాతులకి కూడా 'అన్ని వాతావరణాలకీ' అని రాసి అమ్ముతున్నారు. నెపెంథిస్‌లో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకి పైన పుట్టేవి, కింద పుట్టేవి అని స్థూలంగా రెండు తెగలు. పైవాటికి రాత్రి చలి కావాలి, 15 డిగ్రీల దగ్గర. బోర్నియోలోని కినబాలు కొండ మీద 1,500 మీటర్లు దాటాక పెరిగే రాజా అనే జాతి లాంటివాటిని మే నెల కూకట్‌పల్లిలో పెట్టడం పాపం. మా షాపుకొచ్చే ఒకావిడ అలాంటి కొండ రకం ఒకటి 2,500 పెట్టి కొని, ఏప్రిల్ దాటించలేకపోయింది.

అలాగే ఖాసియానా అనే రకం కోసం వెతికేవాళ్లకి ఒక మాట. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే, మేఘాలయ కొండల్లో. అక్కడి గారో తెగ వాళ్లు దాన్ని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యం బుట్ట అంటారట. అడవిలోంచి పీకేసి అమ్మేవాళ్ల వల్ల తగ్గిపోయి, అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. టిష్యూ కల్చర్ మొక్క (ల్యాబ్‌లో పెంచింది) అని ఖాయంగా చెప్పగలిగే చోట దొరికితేనే తీసుకోండి, ఎవరో చవగ్గా 'వైల్డ్ ప్లాంట్' అంటే వద్దు.

స్టార్లు అడుగుతారు కాబట్టి: మొక్కల ఆరోగ్యానికి 4, ప్యాకింగ్‌కి 5, ఫోటోకి 1, కార్డుకి 1. వెంట్రాటాకి ఇప్పుడు 11 చెంబులు. మిరాండాకి రెండే, కానీ ఒక్కోటీ అరచేతి పొడుగు.

పోయిన వారం అదే నర్సరీలో ఇంకో మొక్క అడిగాను. ఫోటో పంపారు, మళ్లీ అదే వంకాయ ఎరుపు. "బాబూ, పొద్దున్న పదింటికి షెడ్డు బయటకి తెచ్చి, నీడలో పెట్టి, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసి పంపు" అన్నాను. గంట తర్వాత పంపాడు. ఆకు చిలకపచ్చ, ఈనె మీద కొంచెం రాగి. డబ్బు వేశాను.